‘సంతి’లో అకారం ఎక్కడికి పోయింది?

అస్తి, స్తః, సంతి. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవాళ్లందరూ ఈ వరుస వల్లె వేసినవాళ్లే. ఏకవచనంలో ఉన్న అకారం ద్వివచనంలోనూ బహువచనంలోనూ ఉండదు. ఎందుకుండదని అడిగితే వ్యాకరణం ‘శ్నసోరల్లోపః’ అంటుంది. ఫలానా ప్రత్యయాల ముందు ‘అస్’ ధాతువులోని అకారం లోపిస్తుందని దాని అర్థం. ఆ సమాధానంలో లోపమేమీ లేదు. భాషలో ఏం జరుగుతుందో అంత క్లుప్తంగా, అంత కచ్చితంగా చెప్పినవారు పాణిని తప్ప మరొకరు లేరనే నేను నమ్ముతాను. అయితే అలా ఎందుకు జరుగుతుంది, ఎప్పుడు మొదలైంది అన్నవి ఆయన తలకెత్తుకున్న పని కాదు. నాకు కావలసినవి అవే. అందుకే కొన్నేళ్లుగా ఉద్యోగం ముగిశాక దొరికే సాయంత్రాల్లో సంస్కృతం, గ్రీకు, లాటిన్, కొంత హిట్టైట్ (ఇప్పటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష) క్రియారూపాలను పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఆ చదువు ఎలా సాగిందో, ఏం తేలిందో, ఏది ఇంకా తేలలేదో ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేసిన పని చిన్నదే. పొడవాటి పుస్తకంలో నిలువు గళ్లు గీసి, ఒక్కో గడికి ఒక్కో భాష పేరు పెట్టి, ‘ఉన్నాడు’, ‘ఉన్నారు’ అనే అర్థాల్లో ఆ భాషలు ఏమంటాయో రాసుకున్నాను. లాటిన్‌లో ఎస్ట్, సుంట్. జర్మన్‌లో ఇస్ట్, జిన్ట్. రెండింటిలోనూ ఏకవచనం అచ్చుతో మొదలైంది, బహువచనానికి ఆ అచ్చు లేదు. అంటే అకారం పోయింది సంస్కృతంలో కాదు. సంస్కృతమూ లాటినూ వేరుపడక ముందే పోయింది. తర్వాత ‘వెళ్లు’ అనే ధాతువు రాశాను. సంస్కృతంలో ‘ఏమి’ అంటే వెళుతున్నాను, ‘ఇమః’ అంటే వెళుతున్నాము. గ్రీకులో ఎయ్‌మి, ఇమెన్. ఇక్కడా అంతే. ఏకవచనంలో గుణం వచ్చిన అచ్చు, అంటే ఇకారం బలపడి ఏకారమైనది; బహువచనంలో ఒట్టి ఇకారం.

కారణం స్వరంలో ఉంది. వేదంలో ‘ఏమి’ అన్నప్పుడు ఉదాత్తం, అంటే గొంతు పైకి లేచే స్వరం, ధాతువు మీద ఉంటుంది. ‘ఇమః’ అన్నప్పుడు చివరి ప్రత్యయం మీదికి జరుగుతుంది. ‘సంతి’లో కనిపించే అకారం అసలు ధాతువుది కాదు, ‘అంతి’ అనే ప్రత్యయానిది. ఉదాత్తం ఉన్నదీ దాని మీదే. స్వరం తనను విడిచి వెళ్లేసరికి ధాతువులోని అచ్చు కరిగిపోయింది. సూత్రం లెక్కపెట్టి చెప్పిన ‘ఫలానా ప్రత్యయాలు’ చాలావరకు ఒకప్పుడు ఉదాత్తాన్ని తమవైపు లాక్కున్న ప్రత్యయాలే.

పుస్తకంలో చదివినదాన్ని చెవితో వినాలనిపించింది. తెలుగునాట ఎక్కువగా వినిపించే వేదం కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖ. మా బంధువుల్లో ఒక ఘనపాఠి, అంటే వేదాన్ని క్లిష్టమైన ఘనపాఠ పద్ధతిలో వల్లించగల పండితుడు, ఉన్నారు. నాకు మావయ్య వరస. క్రియాపదాల మీద ఉదాత్తం ఎక్కడ పడుతుందో వినిపించమని అడిగాను. ‘వాక్యంలో క్రియకు మామూలుగా ఉదాత్తం ఉండదు నాయనా. యచ్ఛబ్దం వచ్చిన చోట వెతుకు, లేదా పాదం మొదట్లో వెతుకు’ అన్నారు. యచ్ఛబ్దమంటే ‘యః, యాని’ వంటి ‘ఏది, ఏవి’ అనే మాట. వ్యాకరణ గ్రంథాల్లో పేజీలు పేజీలు చదివి నేను పట్టుకోవలసిన సంగతి ఆయన నోట ఒక్క మాటలో వచ్చింది. ఆ సాయంత్రం ఆయన వల్లించిన పనసలో (వేదపాఠంలో ఒక భాగం) నాకు అర్థమైన క్రియలు కొన్నే. అయినా స్వరం ఎక్కడ లేస్తుందో వింటూ వెతకడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఈ స్వరం విలువ ఎంతటిదో 1877లో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ చూపించాడు. ఇంగ్లీషులో ‘వాజ్’ ఏకవచనం, ‘వర్’ బహువచనం. సకారం రేఫగా ఎందుకు మారింది? ప్రాచీన జర్మానిక్ భాషల్లో ఇలాంటి హల్లుల మార్పులు ఎందరినో తికమకపెట్టాయి. వేదస్వరాన్ని పక్కన పెట్టి చూసేసరికి చిక్కు విడిపోయింది. స్వరం ధాతువు మీద ఉన్న రూపంలో సకారం నిలిచింది, ప్రత్యయం మీద ఉన్న రూపంలో మారిపోయింది. ఆ ధాతువు మన ‘వస్’. వసతి, నివాసం అన్న మాటల్లో ఉన్నది అదే. లండన్‌లో మాట్లాడే క్రియలో ఒక హల్లు ఎందుకు మారిందో తెలియడానికి వేదపాఠం కావలసి రావడం నన్ను ఇప్పటికీ ఉప్పొంగిస్తుంది.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పి ముందుకు వెళతాను. ఈ భాషలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని నిరూపించే పనిని ఫ్రాంజ్ బోప్ 1816లో మొదలుపెట్టింది నామపదాలతో కాదు, క్రియారూపాలతో. సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారశీకం, జర్మానిక్ భాషల క్రియలనే ఆయన పోల్చాడు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ధాతువుల పట్టికలు పోల్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమనీ చూపించాడు. మాటలు ఎరువు తెచ్చుకోవచ్చు. క్రియల గూడుకట్టు అంత తేలికగా ఎరువు రాదు. మనం సంస్కృతం నుంచి వేల నామపదాలు తీసుకున్నాం, ‘భవతి, భవతః, భవంతి’ని మాత్రం తీసుకోలేదు. కావలసినప్పుడు ‘ఇంచు’ చేర్చి మన క్రియగా చేసుకున్నాం.

గళ్ల పుస్తకం నిండుతున్నా నాకు లకారాలు, అంటే లట్, లఙ్ వంటి పేర్లతో పిలిచే కాలాల, అర్థాల క్రియారూపాలు, అంతుపట్టలేదు. భూతకాలానికి లఙ్, లిట్, లుఙ్ అని మూడెందుకు? పాణిని కాలానికే వాటి మధ్య తేడా సూక్ష్మమైంది. జరిగింది ఈరోజు కాకపోతే లఙ్, వక్త కళ్లతో చూడనిదైతే లిట్, మామూలుగా గడిచిందైతే లుఙ్. కావ్యాల కాలానికి మూడూ కలగలిసిపోయాయి. ఇవి మొదట్లో ఏమిటో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. ఋగ్వేదం మొదటి మండలంలోని ముప్పై రెండో సూక్తం తీసుకున్నాను. ఇంద్రుడు వృత్రుణ్ని చంపిన కథ అందులో ఉంది. దాని మొదటి మంత్రం ఇది:

ఇంద్రస్య ను వీర్యాణి ప్ర వోచం యాని చకార ప్రథమాని వజ్రీ
అహన్నహిమన్వపస్తతర్ద ప్ర వక్షణా అభినత్ పర్వతానామ్

ఇంద్రుడి పరాక్రమాలను ప్రకటిస్తాను, వజ్రధారి మొట్టమొదట చేసినవాటిని. పామును చంపాడు, నీళ్లకు దారి తొలిచాడు, కొండల పొట్టలు చీల్చాడు. ఈ ఒక్క మంత్రంలో అయిదు క్రియలున్నాయి: వోచం, చకార, అహన్, తతర్ద, అభినత్. భూతకాలానికి సంబంధించిన మూడు రకాలూ ఇందులోనే దొరుకుతాయి. ‘యాని’ ఉండబట్టి ‘చకార’కూ, పాదం మొదట నిలబడబట్టి ‘అహన్’కూ ఉదాత్తం ఉంది. మావయ్యగారు చెప్పిన రెండు గుర్తులూ కళ్లెదుట ఉన్నాయి. ఈ మంత్రం మీద నేను గడిపినంత కాలం మరే పాఠం మీదా గడపలేదు.

మొదట ‘వోచం’. ఇది ‘వచ్’ ధాతువు లుఙ్ రూపం. భూతకాలమైతే ‘అవోచం’ అని ఉండాలి. ముందు అకారం లేదు, అర్థమూ భూతకాలం కాదు. ఇప్పుడే ప్రకటించబోతున్నానని కవి అంటున్నాడు. అయితే కాలాన్ని చెప్పేది ఆ అకారమేనన్నమాట. దాన్ని వ్యాకరణం అడాగమం అంటుంది. సంస్కృతం ‘అభరత్’, గ్రీకు ‘ఎఫెరె’, ఆర్మేనియన్ ‘ఎబెర్’ మూడింటికీ ‘మోశాడు’ అనే అర్థం. మూడింటికీ ముందు అదే చిన్న అచ్చు. లాటిన్‌కు, జర్మానిక్ భాషలకు, హిట్టైట్‌కు అది లేదు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. బహుశా ‘అప్పుడు’ వంటి ఒక విడిమాట క్రమంగా క్రియకు అతుక్కుపోయిందని పండితులు చెబుతారు.

రెండో చివర కూడా ఇలాంటిదే మరొకటి ఉంది. భరతి, అభరత్. భరామి, అభరమ్. వర్తమానంలో మి, సి, తి. భూతంలో మ్, స్, త్. తేడా అంతా ఒక్క ఇకారం. ‘ఇదిగో, ఇప్పుడు’ అని సూచించే గుర్తు అది. ముందున్న అకారాన్నీ వెనకున్న ఇకారాన్నీ తీసేస్తే ‘భరత్’ మిగులుతుంది. కాలంతో పనిలేని రూపం. వేదంలో ఇలాంటి రూపాలు వందల కొద్దీ ఉన్నాయి. ఆ కాలపు కవికి క్రియ అంటే ముందు పని. అది ఎప్పుడు జరిగిందన్నది పక్కన చేర్చే సమాచారం.

లౌకిక సంస్కృతంలో ఈ అకారం లేని రూపం దాదాపు పోయింది. ఒక్కచోట మాత్రం మిగిలింది, ‘వద్దు’ అనేటప్పుడు. గీతలో ‘క్లైబ్యం మా స్మ గమః పార్థ’ అన్నాడు కృష్ణుడు. ‘మా కర్మఫలహేతుర్భూః’ అన్నాడు. చివర ‘మా శుచః’ అన్నాడు. గమః, భూః, శుచః మూడూ అడాగమం లేని లుఙ్ రూపాలే. ‘న మాఙ్‌యోగే’ అనే సూత్రం ఈ సంగతినే చెబుతుంది. చేయవద్దన్న పనికి భూతకాలం ఎక్కడిది? అందుకే కాలంలేని పాత రూపం అక్కడ నిలిచిపోయింది. ప్రాచీన ఇరాన్ మతగ్రంథం అవెస్తాలోనూ ‘మా’ తర్వాత ఇదే తీరు. వాల్మీకి ‘మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః’ అన్నప్పుడు మాత్రం ‘అగమః’లో అకారం ఉంది. ఆ అకారం ఎలా వచ్చిందో సమర్థించడానికి వ్యాఖ్యాతలు చాలా శ్రమపడ్డారు. చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన శ్లోకాల్లో ఇంత పాతకాలం దాగి ఉందని తెలిసిన రోజు నేను గీత మళ్లీ మొదటినుంచి చదివాను, కేవలం క్రియల కోసం.

అలా చదువుతుంటే అధ్యాయం అధ్యాయానికీ ‘ఉవాచ’ పలకరించింది. ఇది లిట్ రూపం, ‘వోచం’లోని ధాతువే. ఇతిహాసం అన్న మాటలోనూ లిట్ ఉంది: ఇతి హ ఆస, ఇలా ఉండేదట. ఈ లిట్ ఒకప్పుడు భూతకాలం కానే కాదు. దానికి సాక్ష్యం ‘వేద’. నామపదం కాదు, ‘నాకు తెలుసు’ అనే క్రియ. వేద, వేత్థ, వేద. గ్రీకులో ఓయ్‌ద, ఓయ్‌స్థ, ఓయ్‌దె. ప్రాచీన జర్మానిక్ భాష గోథిక్‌లో ‘వైట్’. మూడు భాషల్లోనూ రూపం లిట్‌ది, అర్థం వర్తమానం. ఆ ధాతువుకు చూడటమని అర్థం. లాటిన్‌లో ‘విదేయో’ అంటే చూస్తున్నాను. చూశాను కాబట్టి తెలుసు. అంటే లిట్ చెప్పింది జరిగిపోయిన పనిని కాదు, ఆ పని మనిషిలో మిగిల్చిన స్థితిని. స్థితి నుంచి దానికి కారణమైన పని మీదికి దృష్టి మళ్లేసరికి అది భూతకాలమైంది. లాటిన్‌లో ఇది లుఙ్‌తో కలిసిపోయి ఒక్క భూతకాలంగా మారింది. జర్మానిక్‌లో ఇదే మామూలు భూతకాలమైంది. ఇంగ్లీషు ‘సింగ్’ (పాడు), ‘సాంగ్’ (పాడాడు) వరుసలో అచ్చు మారడం దాని మిగులే.

‘చకార’ దగ్గర మరో సంగతి నన్ను చాలాకాలం ఆపింది. ఋగ్వేదంలో ‘అతడు చేశాడు’ అంటే చకార, ‘నేను చేశాను’ అంటే చకర, హ్రస్వం. తర్వాతి సంస్కృతంలో ఉత్తమ పురుషకు రెండూ చెల్లుతాయి, పాణిని ‘ణలుత్తమో వా’ అని వికల్పం చెప్పాడు. రెండు ప్రత్యయాలూ చూడటానికి ఒట్టి అకారమే. మరి దీర్ఘం ఒకచోట వచ్చి మరొకచోట ఎందుకు రాలేదు? ఉత్తమ పురుష ప్రత్యయానికి ముందు ఒకప్పుడు గొంతులో పలికే హల్లు ఒకటి ఉండేదని ఒప్పుకుంటే జవాబు దొరుకుతుంది. ఆ హల్లు రేఫతో కలిసి ముందున్న అచ్చును దీర్ఘం కానివ్వలేదు. ప్రథమ పురుషలో అది లేదు కనుక దీర్ఘం వచ్చింది. తర్వాత హల్లు అంతరించింది, హ్రస్వం మాత్రం మిగిలింది.

ఆ పోయిన హల్లుల కథ మొదలైంది ‘అభినత్’ వంటి క్రియలతోనే. ధాతువులను వ్యాకరణం గణాలనే తరగతులుగా విడదీస్తుంది. భిద్, యుజ్ రుధాది గణం. వాటిలో ధాతువు మధ్యలో ‘న’ దూరుతుంది: యు-న-క్-తి, భి-న-త్-తి. బహువచనంలో ఆ నకారం పక్కనున్న అకారం పోయి ‘యుంజంతి’ అవుతుంది. ‘శ్నసోరల్లోపః’ సూత్రంలో ‘శ్న’ అంటే ఇదే. అస్తి-సంతి, యునక్తి-యుంజంతి ఒకే మార్పని పాణిని గుర్తించి ఒకే సూత్రంలో కట్టాడు. లాటిన్‌లో ‘ఇయుంగో’ అంటే జోడిస్తాను, ‘ఫిందో’ అంటే చీలుస్తాను. అదే నకారం. మరి స్వాది గణంలోని ‘శృణోతి’, క్ర్యాది గణంలోని ‘పునాతి’ సంగతేమిటి? పాఠశాలలో మూడు వేరు వేరు గణాలుగా చదువుతాం. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫెర్దినాఁ ద సొస్యూర్ ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో రాసి 1879 తేదీతో అచ్చువేయించిన గ్రంథంలో ఈ మూడూ ఒకటేనన్నాడు. శ్రు ధాతువులో ‘ఉ’కు ముందు ‘న’ దూరితే శృ-న-ఉ-తి, అదే శృణోతి. అలాగే ‘పూ’ ధాతువు చివర అంతరించిన ధ్వని ఒకటి ఉందనుకుంటే పు-న-ఆ ధ్వని-తి, ఆ ధ్వని పోతూ ముందున్న అచ్చును దీర్ఘం చేసి పునాతి.

ఇది చదివి నేను వెంటనే ధాతుపాఠం, అంటే సంస్కృత ధాతువుల జాబితా, తీశాను. సేట్, అనిట్ అని ధాతువులను రెండుగా విడదీస్తారు. కొన్నింటికి ఇడాగమం, అంటే ప్రత్యయానికి ముందు ఒక ఇకారం, వస్తుంది: పవితుం, జనితా. కొన్నింటికి రాదు: కర్తుం, శ్రోతుం, యోక్తుం. ఏది సేట్ ఏది అనిట్ అన్నది బట్టీ పట్టడమే మాకు తెలుసు. ‘పవితుం’లోని ఆ ఇకారమే అంతరించిన ధ్వని మిగిల్చిన జాడ. రెండు హల్లుల నడుమ అది ఇకారమైంది, ‘పునాతి’లో అచ్చు తర్వాత వచ్చి దీర్ఘమైంది. ‘జనితా’కు లాటిన్‌లో గెనితోర్, గ్రీకులో గెనెతోర్. అవే చోట్ల అచ్చు. ‘యోక్తుం’లో ఆ ధ్వని లేదు, ఇకారమూ లేదు. ధాతుపాఠం అట్టిపెట్టిన ఆ విభజన వెనక వేల ఏళ్ల నాటి ఉచ్చారణ ఉంది. నా చదువు మొత్తంలో ఇంతగా కదిలించిన ఘట్టం మరొకటి లేదు.

సొస్యూర్ లెక్కతో కనిపెట్టిన ధ్వనులను ఎవరూ విన్నది లేదు. ఆయన 1913లో చనిపోయాడు. టర్కీలోని బోగజ్‌కోయ్‌లో 1906 నుంచి తవ్వి తీసిన మట్టి పలకల మీది హిట్టైట్ భాషను బెద్‌ర్జిఖ్ హ్రోజ్నీ 1915లో చదివి, అది కూడా ఈ కుటుంబంలోదేనని చూపాడు. అందులో సంస్కృతం ‘అస్థి’కి మాట ‘హస్తాయ్’. ముందున్నది గట్టిగా గొంతులో పలికే హకారం. సొస్యూర్ చెప్పిన ధ్వని కొన్ని మాటల్లో ఇలా అక్షరరూపంలో నిలిచి ఉందని 1927లో పోలండ్ పండితుడు యెర్జీ కురీలోవిచ్ గుర్తించాడు.

హిట్టైట్ మొదలుపెట్టేసరికి నాకు కొంత ధైర్యం వచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం ప్రాచీన భాషలపై అందరికీ అందుబాటులో ఉంచిన పాఠాలు అప్పుడు చాలా సాయపడ్డాయి. క్యూనిఫాం లిపి జోలికి పోకుండా లిప్యంతరీకరణతోనే చదివాను. మొదటి గడి నింపగానే పాత స్నేహితులు కనిపించారు. అస్తి-సంతికి ఏస్‌త్సి-అసన్‌త్సి. ‘చంపుతాడు, చంపుతారు’ అన్న హంతి-ఘ్నంతికి కుఎన్‌త్సి-కునన్‌త్సి. హకారం ఘకారంగా ఎందుకు మారుతుందో కూడా ఇక్కడే అర్థమైంది. మూలంలో ఉన్నది ఘకారం వంటి హల్లే. దాని తర్వాత ఎకారం ఉన్న రూపంలో అది మెత్తబడి హకారమైంది, ఎకారం పోయి నకారం తగిలిన రూపంలో ఘకారంగానే నిలిచింది. హిట్టైట్ పురాణంలో పిడుగుల దేవుడు ఇల్లుయంక అనే పామును చంపినప్పుడు వాడిన క్రియ ‘కుఎంత’. మన మంత్రంలోని ‘అహన్’కు సరిజోడు, అడాగమం మాత్రం లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. హిట్టైట్‌కు వర్తమానం, భూతం అని రెండే కాలాలు. లుఙ్ లేదు, లిట్ లేదు, సంకల్పాన్నీ సంభావ్యతనూ చెప్పే వేదంలోని లెట్ లేదు, ‘చేయాలి’ అని చెప్పే విధిలిఙ్ వంటిదీ లేదు. మనకు దొరికిన రాతల్లో ఈ కుటుంబపు అతి పాత భాషల్లో ఇదొకటి. దీనికే లకారాలు ఇంత తక్కువైతే సంస్కృతానికీ గ్రీకుకూ ఉన్న సంపద ఎక్కడిది? హిట్టైట్ అన్నీ పోగొట్టుకుందని ఒక వర్గం వాదిస్తుంది. హిట్టైట్ పూర్వీకులు ముందే విడిపోయారనీ, మిగిలినవాళ్లు కలిసి ఉన్న కాలంలో లకారాలు పెరిగాయనీ మరో వర్గం అంటుంది.

నేను రెండో వైపు మొగ్గుతాను. హిట్టైట్‌లో రెండు రకాల క్రియలున్నాయి. ఒకదానికి మి, సి, త్సి. రెండోదానికి హి, తి, ఇ. ఈ రెండో వరుస చివర చేరిన ‘ఇప్పుడు’ ఇకారాన్ని పక్కన పెడితే వేద-వేత్థ-వేద అన్న లిట్ ప్రత్యయాల వరుసే బయటపడుతుంది. ‘చకర’లో దీర్ఘాన్ని ఆపిన హల్లు ఇక్కడ ఉత్తమ పురుషలో హకారంగా వినిపిస్తూనే ఉంది. అయితే ఆ క్రియలు స్థితిని చెప్పవు. ‘దాహ్హి’ అంటే తీసుకుంటున్నాను, మామూలు వర్తమానం. అంటే ఆ ప్రత్యయాలు లిట్ అనే లకారం కంటే ముందువి. లిట్ వాటిని తర్వాత తనవిగా చేసుకుంది. లకారాలన్నీ పోగొట్టుకున్న భాష ఒక లకారపు ప్రత్యయాలను మాత్రం పట్టుకుని వాటితో వర్తమానం కట్టుకుందనడం నాకు నప్పలేదు.

ఇప్పుడు నా పుస్తకంలో గళ్లు భాషలవారీగా లేవు, పొరలవారీగా ఉన్నాయి. అన్నిటికంటే అడుగున మి-సి-తి, ‘ఇప్పుడు’ అనే ఇకారం, స్వరంతో పాటు కదిలే అచ్చు. రుధాది నకారం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే హిట్టైట్‌లో ‘హర్క్’ అంటే నశించు, నకారం దూర్చిన ‘హర్నింక్’ అంటే నాశనం చేయి. ‘పృచ్ఛతి’, ‘గచ్ఛతి’లో ‘చ్ఛ’గా మారిన ప్రత్యయమూ అక్కడిదే, హిట్టైట్‌లో అది ‘స్క్’గా విస్తారంగా కనిపిస్తుంది. వాటిపైన లిట్, లుఙ్. అన్నిటికంటే పైన, కొద్ది భాషలకే పరిమితమైన అడాగమం. ఆత్మనేపదాన్ని, అంటే ఫలం కర్తకే చెందుతుందని చెప్పే ‘శేతే’ వంటి రూపాల వరుసను, ఏ పొరలో పెట్టాలో మాత్రం ఇంకా చూస్తున్నాను. ‘శేతే’కు గ్రీకులో కెయ్‌తాయ్, హిట్టైట్‌లో ‘కిత్త’ ఉన్నాయి కాబట్టి అదీ అడుగునదే. కానీ దాని పాత ప్రత్యయాలు లిట్ ప్రత్యయాలకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఆ రెండూ ఒకే వరుస నుంచి చీలాయా అన్న ప్రశ్నతోనే ప్రస్తుతం కూర్చున్నాను.